కంపెనీ కల్చర్: ఎవరికి ప్రమోషన్ వచ్చిందో చూడండి చాలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 15 మందితో మొదలైన కంపెనీలో ఇప్పుడు 120 మంది ఉన్నారు. ఐదు విలువలు రాసుకుని గోడకు పెట్టారు. నెలనెలా సిబ్బంది అందరితో టౌన్‌హాల్ మీటింగ్ నడుపుతున్నారు, ఏడాదికోసారి అందర్నీ ఊరి బయటికి, ఆఫ్‌సైట్‌కి తీసుకెళ్తున్నారు. అయినా మునుపటి వాతావరణం లేదు, పనిమంతులు ఒక్కొక్కరే మానేస్తున్నారు. కల్చర్ కట్టడం ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

మీ దగ్గర కల్చర్ లేకపోవడం అన్నది జరగదు. నలుగురు కలిసి ఆరు నెలలు పనిచేస్తే ఏదో ఒక పద్ధతి దానంతటదే స్థిరపడిపోతుంది. మీ కంపెనీలోనూ ఒకటి ఉంది, గట్టిగానే ఉంది, కాకపోతే అది మీరు రాసుకున్నది కాదు. కాబట్టి కట్టడం సంగతి కాసేపు పక్కన పెట్టి, ఉన్నదేమిటో ముందు చూద్దాం.

ఇందుకు ఎంఐటీ ప్రొఫెసర్ ఎడ్గార్ షైన్ 1980లలో చెప్పిన మూడు పొరల లెక్క ఇప్పటికీ బాగా పనికొస్తుంది. పైపొర కంటికి కనబడేది: ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరిని ఎలా పిలుస్తారు, మీటింగ్‌లో ముందుగా నోరు తెరిచేది ఎవరు. రెండోది మనం చెప్పుకునేది: విలువలు, పాలసీలు, వెబ్‌సైట్‌లో ‘మా గురించి’ పేజీ. మూడోది అడుగున ఉంటుంది. ఇక్కడ నెగ్గుకురావాలంటే ఏం చెయ్యాలి, దేని జోలికి పోకూడదు అని అందరికీ అనుభవం మీద తెలిసిపోయిన సంగతులు అవి. వాటిని ఎవరూ పైకి అనరు, అడిగినా చాలామంది చెప్పలేరు. రెండో పొరకీ మూడో పొరకీ పొంతన లేనప్పుడు జనం నమ్మేది మూడోదాన్నే.

అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ ఉదాహరణ అందరూ చెప్పేదే, అయినా చెప్పక తప్పదు. గౌరవం, నిజాయితీ, కమ్యూనికేషన్, శ్రేష్ఠత అని నాలుగు విలువలు రాసుకున్నారు. 2000లో 64 పేజీల నైతిక నియమావళి అచ్చువేసి ఉద్యోగులకు పంచారు. లెక్కల్లో మోసాలు బయటపడి 2001 డిసెంబరులో దివాలా పిటిషన్ వేశారు. కానీ మీలాంటి వాళ్లకు ఎన్రాన్ కన్నా అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గో కథ ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ తప్పు చేసిన వాళ్లలో ఎక్కువమంది కౌంటర్ దగ్గర కూర్చునే మామూలు ఉద్యోగులు. ఒక్కో కస్టమర్ కుటుంబానికి ఎనిమిది ఉత్పత్తులు అమ్మాలి అన్నది ఆ బ్యాంకు లక్ష్యం. బ్రాంచిల్లో రోజువారీ టార్గెట్లు, వాటి మీద ఫోన్లు, అందుకోలేకపోతే ఉద్యోగానికి ఎసరు. కస్టమర్‌కి ఏది మంచిదో అదే చెయ్యాలి అని పుస్తకంలో రాసే ఉంది. సిబ్బంది మాత్రం కస్టమర్లకు తెలియకుండానే వాళ్ల పేరున ఖాతాలు తెరిచేశారు. 2016లో సంగతి బయటపడి 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడేనాటికి ఈ వ్యవహారంలో దాదాపు 5,300 మందిని బ్యాంకు ఉద్యోగాల్లోంచి తీసేసింది. ఒకరిద్దరు తప్పు చేస్తే మనిషి చెడ్డవాడు అనుకోవచ్చు. వేలమంది ఒకే తప్పు చేశారంటే వాళ్లకు ఆ పాఠం చెప్పింది కంపెనీయే అనుకోవాలి.

మరి మీ కంపెనీ ఏ పాఠం చెబుతోందో ఎలా తెలుస్తుంది? సర్వేతో మొదలుపెట్టకండి. పేరు రాయక్కర్లేదన్నా, ఆరుగురున్న టీములో ఏ మాట ఎవరిదో మేనేజర్ ఇట్టే పోల్చేస్తాడు, ఆ సంగతి ఆ ఆరుగురికీ తెలుసు. సర్వేలో వచ్చే ఎంగేజ్‌మెంట్ స్కోరు (ఉద్యోగుల ఉత్సాహానికి వేసే మార్కు) పెరిగితే మేనేజర్‌కి బోనస్ అని పెట్టారంటే ఇక ఆ సర్వే సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒక కాగితం తీసుకుని, గత రెండేళ్లలో ఎవరెవరికి ప్రమోషన్ వచ్చిందో రాయండి. పక్కన, వాళ్లకు ఎందుకు వచ్చిందని మిగతావాళ్లు అనుకుంటున్నారో రాయండి. మీరు ఎందుకిచ్చారు అన్నది ఇక్కడ అనవసరం. ‘రాత్రి పదకొండింటికి కూడా మెసేజ్‌కి జవాబిస్తాడు’, ‘బాస్ మాటకు ఎదురు చెప్పడు’, ‘క్లయింట్ ఏది అడిగినా సరే అంటాడు, చెయ్యాల్సింది వేరేవాళ్లు’ లాంటివి అందులో వచ్చాయంటే మీ కల్చర్ పత్రం మీ చేతికి వచ్చినట్టే. నెట్‌ఫ్లిక్స్ తన కల్చర్ గురించి 2009లో బయటపెట్టిన స్లైడ్లలోనూ ఈ మాటే ఉంది: కంపెనీ అసలు విలువలు ఏమిటో ఎవరికి బహుమానం దక్కింది, ఎవరు పైకి వెళ్లారు, ఎవరిని పంపేశారు అన్నదే చెబుతుంది. ఆ స్లైడ్లలోని మిగతా చాలా సంగతులు అందరికీ నప్పవు. ఈ ఒక్కటి నప్పని చోటు నాకు ఇంతవరకూ కనబడలేదు.

రెండో చోటు, మెయిళ్లు. ఎవరి మెయిలూ తెరవాల్సిన పని లేదు, మీకు సీసీగా వస్తున్నవి చాలు. పక్క సీట్లో ఉన్న మనిషిని ‘ఈ ఫైల్ రేపటికి ఇస్తావా’ అని నోటితో అడిగితే తేలిపోయే పనికి మెయిల్ పెట్టి, తొమ్మిదిమందిని సీసీలో పెట్టి, కింద ‘మన 14వ తేదీ సంభాషణ ప్రకారం’ అని రాస్తున్నారా? ఆ మెయిల్ పని కోసం రాసింది కాదు, రేపు మాట తన మీదకు రాకుండా సాక్ష్యం కోసం రాసింది. అలాంటివి రోజుకు నాలుగు కనబడితే మీ దగ్గర తప్పు జరిగినప్పుడు మొదట వెతికేది కారణాన్ని కాదు, మనిషిని.

మూడోది, చేరి రెండు నెలలైన వాళ్లు. ఇంకా కొత్త కళ్లు. ‘ఇక్కడ మీకు వింతగా అనిపించిందేమిటి? పొరపాటు జరిగితే ముందు ఎవరికి చెబుతారు?’ అని అడగండి. ఆర్నెల్లు దాటితే ఆ వింత వాళ్లకూ మామూలైపోతుంది.

ఇప్పుడు మార్చడం గురించి. షైన్ చెప్పినవాటిలో చాలామంది చదవకుండా దాటేసే భాగం ఒకటుంది. నాయకులు కల్చర్‌ని దేనితో నాటుతారో ఆయన రెండు వరుసలుగా విడగొట్టారు. మొదటి వరుసలో ఉన్నవి: మీరు దేన్ని పట్టించుకుంటారు, దేన్ని కొలుస్తారు, సంక్షోభం వచ్చినప్పుడు ఎలా స్పందిస్తారు, డబ్బు ఎక్కడ పెడతారు, మీరు స్వయంగా ఎలా నడుచుకుంటారు, ఎవరిని తీసుకుంటారు, ఎవరిని పైకి తెస్తారు, ఎవరిని పంపిస్తారు. ఆఫీసు అలంకరణ, కార్యక్రమాలు, కంపెనీ పుట్టుక కథలు, గోడ మీది విలువలు అన్నీ రెండో వరుస. మొదటి వరుసకు అనుగుణంగా ఉంటేనే వాటికి బలం. మీరు చేసిన పనుల జాబితా మరోసారి చూసుకోండి. పోస్టర్, టౌన్‌హాల్, ఆఫ్‌సైట్, మూడూ రెండో వరుసలోవే. అవి తప్పని కాదు, వాటంతట అవి బండి లాగలేవు.

మొదటి వరుసలో అన్నిటికన్నా ముందు నేను పట్టుకునేది ఒక్కటే. చెడ్డ కబురు తెచ్చిన మనిషికి ఏం జరుగుతుంది?

2006 సెప్టెంబరులో అలన్ ములాలీ బోయింగ్ నుంచి ఫోర్డ్‌కి సీఈఓగా వచ్చారు. ఆ ఏడాది ఫోర్డ్ నష్టం 1,200 కోట్ల డాలర్లు దాటింది. ఆయన ప్రతి గురువారం పై అధికారులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరి పని స్థితి వాళ్లు రంగుల్లో చూపించాలని పెట్టారు. సవ్యంగా ఉంటే ఆకుపచ్చ, అనుమానం ఉంటే పసుపు, చిక్కులో పడితే ఎరుపు. వారాలు గడిచినా చార్టులన్నీ ఆకుపచ్చగానే వస్తున్నాయి. ఇంత నష్టంలో ఉన్నాం, సరిగా లేనిది ఒక్కటీ లేదా అని చివరికి ఆయనే అడగాల్సి వచ్చింది. అప్పుడు అమెరికా ఖండాల వ్యాపారం చూసే మార్క్ ఫీల్డ్స్, మార్కెట్‌లోకి రావాల్సిన ఎడ్జ్ కారులో సమస్య ఉందని దాన్ని ఆపి, చార్టులో ఎరుపు పెట్టుకొచ్చారు. గదిలో చప్పుడు లేదు. ఈయన పని అయిపోయింది అనుకున్నారు మిగతావాళ్లు. ములాలీ చప్పట్లు కొట్టారు. విషయం స్పష్టంగా చూపించావని మెచ్చుకుని, ఇతనికి ఎవరు సాయం చెయ్యగలరు అని బల్ల చుట్టూ ఉన్నవాళ్లను అడిగారు. చిటికెలో ఒకరు నిపుణులను పంపుతానన్నారు, ఇంకొకరు మరో కారులో ఇలాంటిదే చూశామన్నారు.

చప్పట్లతోనే అంతా మారిపోలేదు. తర్వాతి మీటింగ్‌లోనూ ఫీల్డ్స్ తన కుర్చీలోనే ఉన్నారని చూశాకే మిగతావాళ్ల చార్టులకూ రంగులు వచ్చాయి. జనం నమ్మేది మీ స్పందనను కాదు, దాని తర్వాత ఏం జరిగిందన్నదాన్ని. ఆ ఫీల్డ్సే 2014లో ములాలీ తర్వాత సీఈఓ అయ్యారు.

లోపల చిక్కులున్నా ఆకుపచ్చగా చూపించే ఇలాంటి చార్టులనే ఐటీ ప్రాజెక్టుల్లో పుచ్చకాయ రిపోర్టులు అంటారు, పైకి పచ్చగా, కోస్తే ఎర్రగా. అవి మీ దగ్గరా తయారవుతున్నాయేమో తెలుసుకోవాలంటే పోయిన మూడు నెలల్లో ఆలస్యమైన పనులు తీసుకుని, ఆలస్యం సంగతి మీకు ఎప్పుడు తెలిసింది, చేసేవాళ్లకు ఎప్పుడు తెలిసింది అని రెండు తేదీలు పక్కపక్కన పెట్టండి. మధ్యలో ఉన్న రోజులే మీ కంపెనీలో భయానికి కొలత. దీనికన్నా నిజాయితీ ఉన్న కల్చర్ స్కోరు నాకు తెలియదు.

హార్వర్డ్‌లో పనిచేసే ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి టీముల మీద చేసిన పరిశోధన కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. మందులివ్వడంలో జరిగే పొరపాట్లు మంచి టీముల్లో తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి, బాగా పనిచేసే టీముల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. తవ్వి చూస్తే, వాళ్లు ఎక్కువ తప్పులు చెయ్యడం లేదు, చేసినవాటిని దాచకుండా చెబుతున్నారు. అందుకే మొదటి కొన్ని నెలల్లో మీకు వచ్చే సమస్యల సంఖ్య పెరిగితే కంగారు పడకండి. పెరగకపోతేనే కాస్త అనుమానించాలి.

ఇందులో రెండో సగం కటువైనది. పాల్ ఓనీల్ 1987లో అల్యూమినియం కంపెనీ అల్కోవాకు సీఈఓ అయ్యాక కార్మికుల భద్రతే మొదటి లెక్క అన్నారు. ఎక్కడ ఎవరికి గాయమైనా 24 గంటల్లో తనకు తెలియాలి, మళ్లీ జరక్కుండా ఏం చేస్తారో ప్రణాళిక కూడా రావాలి. మెక్సికోలోని ఒక ప్లాంటులో వాయువులు పేరుకుని కొందరు కార్మికులు అస్వస్థులైతే స్థానికంగా సరిచేసుకుని పైకి చెప్పకుండా ఊరుకున్నారు. ఆ వ్యాపారం చూస్తున్న సీనియర్ అధికారి అమ్మకాల్లో దిట్ట, ఎంతోకాలంగా ఉన్న మనిషి. ఓనీల్ ఆయన్ని పంపించేశారు. పని గాయాల వల్ల పోయే రోజులు ఆయన వచ్చేనాటికి ప్రతి వందమంది కార్మికులకు 1.86 ఉంటే 2000 నాటికి 0.2కి దిగాయి. చెడ్డ కబురు చెప్పినవాడికి రక్షణ, దాచినవాడికి శిక్ష. రెండూ ఉంటేనే ఇది నడుస్తుంది. మొదటిది ఒక్కటే పెట్టి మంచి బాస్ అనిపించుకుని ఊరుకునేవాళ్లు చాలామంది.

మీ ప్రశ్నలో ఒక మాట నన్ను ఆపింది: ‘ముందు వీళ్ల ఆలోచనా విధానం మార్చాలి’ అన్నారు. అది తలకిందుల పని. ఇందుకు నేను ఎప్పుడూ చూపించేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కార్ల ఫ్యాక్టరీని. జనరల్ మోటార్స్ దాన్ని 1982లో మూసేసింది. అప్పటికి అక్కడ పనికి ఎగ్గొట్టేవాళ్లు రోజూ నూటికి ఇరవై మంది దాకా ఉండేవారు, సోమవారం లైను మొదలుపెట్టడానికే మనుషులు చాలేవారు కాదు. 1984లో అదే ఫ్యాక్టరీని టయోటాతో కలిసి న్యూమీ అనే పేరుతో తిరిగి తెరిచారు. అదే షెడ్డు, అదే యూనియన్, కార్మికుల్లోనూ ఎక్కువమంది పాతవాళ్లే. కొద్దికాలంలోనే గైర్హాజరు రెండు మూడు శాతానికి పడిపోయింది, కార్ల నాణ్యత జపాన్‌లో తయారైనవాటికి దగ్గరగా వచ్చింది.

కార్మికులకు విలువల గురించి ఉపన్యాసాలిచ్చి ఇది సాధించలేదు. టీమ్ లీడర్లను జపాన్ పంపి టయోటా లైను మీద చేత్తో పని చేయించారు. తిరిగొచ్చాక ప్రతి కార్మికుడి తలపైన ఒక తాడు కట్టారు. పాత రోజుల్లో లైను ఆపడమంటే మహాపరాధం, లోపమున్న కారైనా ముందుకు పోవాల్సిందే. ఇప్పుడు లోపం కనబడితే తాడు లాగడమే కార్మికుడి పని. లాగగానే టీమ్ లీడర్ పరుగున వస్తాడు, ‘ఎందుకు లాగావు’ అని గదమాయించడు, ఏమైందని అడిగి చెయ్యి వేస్తాడు. ఆ స్టేషన్ దాటేలోగా సరికాకపోతే లైను ఆగుతుంది. ఇది రోజూ జరిగితే, ‘నా మాటకు ఇక్కడ విలువుంది’ అని ఎవరూ బోధించక్కర్లేదు. ముందు పనిచేసే తీరు మారింది, దాని వెనక ఆలోచన వచ్చింది.

జనరల్ మోటార్స్ ఇది చూసి తన మిగతా ఫ్యాక్టరీల్లోనూ అలాంటి తాళ్లు కట్టించింది. చాలాచోట్ల ఉపయోగం లేకపోయింది. అక్కడ మేనేజర్లను కొలిచేది ఇంకా ఎన్ని కార్లు దిగాయన్న లెక్కతోనే మరి, తాడు లాగినవాడి మీద అరుపులే మిగిలాయి. ఇంకో కంపెనీలో బాగుందని ఏదైనా తెచ్చి పెట్టుకునే ముందు, మీ దగ్గర దానికి అడ్డుపడే కొలమానం ఏదన్నది చూసుకోండి. కలిసి పనిచెయ్యాలి అని ఒకపక్క చెబుతూ, రేటింగుల్లో ప్రతి టీము నుంచీ ఇంతమందిని అట్టడుగున పెట్టాల్సిందే అనే పద్ధతి ఉంచితే పక్కవాడికి సాయం చెయ్యడం నాకు నష్టం. మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని ఏళ్ల తరబడి నడిపి 2013 నవంబరులో ఎత్తేసింది. ఇతరుల పనికి నువ్వు ఎంత తోడ్పడ్డావు అన్నది మదింపులో చేర్చింది. సత్య నాదెళ్ల 2014లో సీఈఓగా వచ్చి నేర్చుకునే మనస్తత్వం గురించి చెప్పినప్పుడు ఆ మాట నిలబడిందంటే, అడ్డంకి అప్పటికే తొలగడం ఒక కారణమని నా అభిప్రాయం.

ఇక మీ 120 మంది సంగతి. పదిహేనుమంది ఉన్నప్పుడు మీరే కల్చర్. కోపం వచ్చినా, మెచ్చుకున్నా అందరూ చూస్తారు. ఇప్పుడు చాలామందికి మీరు నెలకోసారి స్టేజి మీద కనబడే మనిషి, వాళ్లకు కంపెనీ అంటే వాళ్ల మేనేజర్. ఆ మేనేజర్లు ఎవరు? బాగా పనిచేశారని మీరు పైకి తెచ్చిన వాళ్లు, మనుషులతో పని చేయించడం ఎవరూ నేర్పనివాళ్లు. ఆఫ్‌సైట్ డబ్బుల్లో సగం వాళ్ల మీద పెట్టండి. తన కిందివాళ్లతో వారానికోసారి విడిగా కూర్చోవడం, బాగాలేని పనిని బాగాలేదని మర్యాదగా చెప్పడం, చెడ్డ కబురు విన్నప్పుడు మొదటి నిమిషంలో ఏమనాలో తెలిసి ఉండడం. ఈ మూడూ వస్తే చాలావరకు గట్టెక్కుతారు.

ఆ తర్వాతది మీకు నచ్చకపోవచ్చు. ప్రతి కంపెనీలోనూ ఒక ఘనుడు ఉంటాడు. పెద్ద క్లయింట్లు అతనివే, లేదా ఆ పాత కోడ్ అతనొక్కడికే తెలుసు. జూనియర్లను నలుగురిలో చులకన చేస్తాడు, అందరూ ‘అతనంతేలే’ అని సర్దుకుపోతుంటారు. గౌరవం అన్నది మీ ఐదు విలువల్లో ఒకటైతే, అతని విషయంలో మీరు ఏం చేస్తారో అని కంపెనీ మొత్తం చూస్తోంది. ముందు విడిగా పిలిచి, ఫలానా రోజు ఫలానా మాట అని సూటిగా చెప్పండి, గడువు ఇవ్వండి, ఆ లోగా అతనికొక్కడికే తెలిసిన పనిని ఇంకో ఇద్దరికి నేర్పించండి. మారకపోతే పంపించండి. ఆదాయం కొంత దెబ్బతింటుంది. ఆ దెబ్బకు సిద్ధంగా లేకపోతే గౌరవం అనే విలువను జాబితాలోంచి తీసెయ్యడం మేలు, కనీసం జనం నవ్వుకోరు.

ఇంటర్వ్యూల్లో ‘కల్చర్ ఫిట్’ అనే కారణాన్ని ఒప్పుకోకండి. తొంభై శాతం సార్లు దానర్థం ‘మాతో కలిసి కబుర్లు చెప్పేలా ఉన్నాడు’ అనే. కావలసిన నడవడిక ఏమిటో రాసి, దానికి గతంలోంచి ఉదాహరణ అడగండి: ‘మీ పై అధికారితో విభేదించిన సందర్భం చెప్పండి, తర్వాత ఏమైంది?’ ఇక సేల్స్ వాళ్ల తీరు, ఇంజినీర్ల తీరు ఒకలా లేవని బాధపడకండి, ఉండనవసరం లేదు. మాట దాచకపోవడం లాంటి ఒకటి రెండు విషయాల్లో ఒకటిగా ఉంటే చాలు. ఇళ్ల నుంచి పనిచేసే వాళ్లుంటే నిర్ణయాలు, వాటి కారణాలు రాతలో పెట్టే అలవాటు తప్పదు, లేకపోతే ఆఫీసులో ఉన్నవాళ్లకు ఒక కంపెనీ, లేనివాళ్లకు ఒక కంపెనీ అవుతుంది.

ఎంతకాలం పడుతుందంటే, మీటింగుల్లో తేడా ఒకటి రెండు త్రైమాసికాల్లో తెలుస్తుంది. ప్రమోషన్ల మీద నమ్మకం కుదరడానికి కనీసం రెండు మదింపు చక్రాలు పడుతుంది, మొదటిసారి మంచి నిర్ణయం తీసుకుంటే అదేదో పొరపాటున జరిగిందనుకుంటారు.

మానేసిన వాళ్ల గురించి కూడా రాశారు. మానేసేవాళ్లతో చేసే ఎగ్జిట్ ఇంటర్వ్యూ కాగితాల్లో ‘మెరుగైన అవకాశం’ అని తప్ప ఏమీ ఉండదు, రేపు రిఫరెన్స్ అవసరపడే మనిషి నిజం ఎందుకు చెబుతాడు? వెళ్లి ఆరునెలలు దాటిన వాళ్లలో ఐదారుగురికి మీరే ఫోన్ చెయ్యండి, హెచ్‌ఆర్‌తో చేయించొద్దు. ఎందుకు మానేశారని అడగకండి. వేరే ఉద్యోగం చూసుకోవాలని మొదటిసారి అనిపించిన రోజు ఏం జరిగింది అని అడగండి. మధ్యలో సమర్థించుకోకుండా వినండి, తేదీతో, సంఘటనతో రాసుకోండి. ఒకే మేనేజర్ పేరో, ఒకే మీటింగో, మీరే అన్న ఒకే మాటో ఇద్దరు ముగ్గురి నోట వస్తే, మొదట చెయ్యాల్సిన పని అదే.